ముందే కాచిన ద్రాక్షరసం

మొన్న దంతెవాడ బస్టాండులో, బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకుంటుంటే పక్క సీటావిడ తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని దూరంగా జరిగింది. జరగనీ. నా కిటికీ కింద ద్రాక్షపళ్ళ బండి ఉంది. ఎండకు పగిలిన నల్ల ద్రాక్షను బండివాడు ఏరి ఒక బుట్టలోకి పారేస్తున్నాడు. ఆ బుట్ట మీద తేనెటీగలు తిన్నగా ఎగరలేక తూలుతున్నాయి. పుల్లగా, తియ్యగా, కాస్త ఘాటుగా వాసన లోపలికి కొట్టింది. ఆ వాసనకు నాకు మా తాత గుర్తొస్తాడు. చుట్టూ ఇప్పచెట్లున్న బస్తరులో సారా చుక్క నాలుక మీద వేసుకోకుండా బతికిన బాప్టిస్టు తాత. అంటే, ఒక్క ఆదివారం మినహా.

ఆయన సమాధి కార్యక్రమంలో మాట్లాడిన ప్రతివాళ్ళూ రెండు ముక్కలే చెప్పారు: కష్టజీవి, భక్తిపరుడు. కాదని ఎవరన్నారు? కానీ ఆ రెండు మాటలూ ఏ ముసలాయన పెట్టె మీద పెట్టినా సరిపోతాయి. మా తాత భక్తి ఎలాంటిదో తెలియాలంటే ఆయనతో కలిసి జీపు ఎక్కాలి.

దోర్నపాల్‌లో జీపు దిగి శబరి నది వైపు నడిస్తే మా ఊరు. నేను జగదల్‌పూర్ కాలేజీలో చదివే రోజుల్లో సెలవులైపోయి వెళ్తుంటే తాత దోర్నపాల్ దాకా వచ్చి నన్ను జీపు ఎక్కించేవాడు. జనం కిక్కిరిసి, కోళ్ళ బుట్టలు కట్టి, డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టాక, తాత వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఇక అంతే. దారి దేవుడికి తెలియదేమోనని ఆయన అనుమానం.

"ప్రభువా, సుక్మా దాక పర్వాలే. తోంగ్‌పాల్ దాటినాక ఆ మలుపు కాడ జర చూసుకో, ఆడ రోడ్డు కోసుకపోయింది. ఎనక టైరు అరిగింది, నేను చూసిన, నువ్వు కూడ చూడు. డ్రైవరుకు నిద్ర రాకుండ కాపాడు, రాత్రి సరిగ పన్నట్టు లేడు."

"దాదా, హో గయా క్యా?" అయిపోయిందా అని డ్రైవరు తల బయటకు పెట్టి అడిగేవాడు.

తాత ఒక కన్ను తెరిచి, "ఇంక బ్రేకుల సంగతి చెప్పలే, ఆగు," అని మళ్ళీ మూసేవాడు.

నేను సిగ్గుతో కోళ్ళ బుట్టల వెనక దాక్కునేదాన్ని. చివర వచ్చే ఆమెన్ మాత్రం జీపంతా కలిసి పలికేది, ఆ దేవుడితో సంబంధం లేనివాళ్ళు కూడా. అంత వివరంగా చెప్పాక ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

ఆయన భాషలు పంచి పెట్టుకున్నాడు. ఎడ్లతో దొర్లి, సంతలో హల్బీ, పట్వారీతో హిందీ, దేవుడితో తెలుగు. నాయనమ్మతో ఏ భాషా లేదు, దగ్గేవాడు. ఒక రకం దగ్గుకు మంచినీళ్ళు వచ్చేవి, ఇంకో రకం దగ్గుకు తువ్వాలు. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేవాడు కాదు, వకీల్ సాబ్ అనేవాడు. ప్రతిదానికీ వాదనకు దిగుతానట.

ఇక కష్టం. తాతకు పని అంటే ఇష్టం అనడం తక్కువ చెప్పడం. ఆయనకు పని మీద ఆత్రం. వాన రాకముందే గట్లు, నారు ఎదగకముందే మడి, పండుగకు నెల ఉండగానే చర్చికి సున్నం. దోర్నపాల్ నుంచి బస్సు పొద్దున ఉంటే డ్రైవరును నిద్ర లేపేది ఈయనే. ఎందుకింత తొందర అంటే పార మీది బురదను బొటనవేలితో గీకి తీస్తూ, "ముందే చేసి పెడితే పోయేదేముంది?" అనేవాడు. ఆ బొటనవేలు గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. కోపం వచ్చినా, ఆలోచన వచ్చినా, ఏడుపు వచ్చినా ఆయన ముందు పార గీకేవాడు, తర్వాత మాట్లాడేవాడు.

చర్చిలో ఆయన పరిచారకుడు, అంటే సంఘం కట్టుబాట్లు చూసే పెద్ద. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉండేది, అంటే రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. ఆ రసం తయారీ తాత సొంత హక్కు. దోర్నపాల్ సంతలో నల్ల ఎండుద్రాక్ష కొని, కడిగి, కాచి, వడకట్టి, కుండలో పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టేవాడు. సంతలో ఆడవాళ్ళు ఇప్పసారా కుండలు పెట్టుకుని కూర్చునే వరస ఒకటుండేది. తాత అక్కడికి రాగానే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాదాపు పరుగెత్తేవాడు. ఆ ఆడవాళ్ళు, "దాదా, ఈసారి మా కుండ కూడ ప్రార్థన చెయ్," అని ఆటపట్టించేవాళ్ళు. ఆయనకు తెలిసిన మత్తు వాసన అదొక్కటే. ద్రాక్షకు కూడా అలాంటి బుద్ధులు ఉంటాయని ఆయన ఎరగడు.

బల్ల దగ్గర ఆయన పెట్టిన కట్టడి ఒకటుంది. తాగినవాడు బల్ల ముట్టకూడదు. సంఘం ముందు లేచి నిలబడి తప్పు ఒప్పుకునేదాకా తలుపు దగ్గరి బెంచి మీద కూర్చోవాలి. ఆ బెంచికి ఒక కాలు పొట్టి. ఎవరు కూర్చున్నా ఊగేది. ఊగుతూ ఉంటే ఎవరు కూర్చున్నారో వెనక్కి తిరగకుండానే ఊరికంతా తెలిసిపోయేది.

అలాంటి బెంచి మీదికి ఆయన తన చిన్న కొడుకునే పంపాడు.

మా చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, డోలు బ్రహ్మాండంగా వాయిస్తాడు. పక్కూరి దొర్ల తెగవాళ్ళ పెళ్ళికి పిలిచారు. వెళ్ళాడు, వాయించాడు, పోసింది తాగాడు, తెల్లవారి పాటలు పాడుకుంటూ వచ్చాడు. తాత ఆ ఆదివారమే సంఘంలో లేచి కొడుకు పేరు తానే చెప్పాడు. చిన్నాన్న వెళ్ళి ఊగే బెంచి మీద కూర్చున్నాడు. ఒప్పుకోవడం మాత్రం ఒప్పుకోలేదు.

నేను వేసవి సెలవులకు వచ్చేసరికి వ్యవహారం ఇంట్లోకి కూడా పాకింది. తాత లోపల తినేవాడు, చిన్నాన్న అరుగు మీద తినేవాడు. ఇద్దరి మధ్య మాటలన్నీ ఎడ్ల గురించే. నాయనమ్మ గిన్నె పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ, "ఇంట్ల ఇద్దరు మగోళ్ళు, రెండు దిక్కుల విస్తళ్ళు. నా కాళ్ళు నొస్తున్నయ్ అంటే ఎవనికన్న ఇనబడుతదా?" అని గోడకు చెప్పేది. ఆమెకు కావలసింది ఒకటే, ఆ రెండు విస్తళ్ళు పక్కపక్కన పడాలి. నొప్పి కాళ్ళది కాదని నాకూ తెలుసు.

ఇలాంటివి చూస్తూ ఊరుకునే జాతి కాదు నాది. నారుమడి గట్టు మీద తాతను నిలదీశాను.

"తాతా, బల్లకు దూరం పెట్టినవ్ సరే. అన్నానికి కూడ ఎందుకు దూరం పెట్టినవ్?"

"నేను పెట్టలే. వాడే అరుగు మీద కూసున్నడు."

"నువ్వు రమ్మంటే వస్తడు."

"వాడు ఒప్పుకుంటే నేను రమ్మంట."

"ఒప్పుకునుడు సంఘంలకా, వంటింట్లకా? వంటింటికి నువ్వు పరిచారకుడివి కాదు గదా, అక్కడ నాయనమ్మ పెద్ద."

తాత పార గీకాడు. "వకీల్ సాబ్, ఆ గంప తియ్. ఎరువు మోయాలె."

ఓడిపోతున్నప్పుడు పని చెప్పడం ఆయన పద్ధతి. నేను గంప మోసుకుంటూ పోయి చిన్నాన్నను పట్టుకున్నాను. ఆయన నవ్వాడు గానీ మెత్తబడలేదు.

"పోయిన, డోలు కొట్టిన, తాగిన. మస్తు సంతోషం అనిపించింది బిడ్డా. ఇప్పుడు సంఘం ముందట నిలబడి బాధయితుందని చెప్పాల్నా? బాధ కాలేదు గదా. చర్చిల నిలబడి అబద్ధం చెప్పుడు తాగుడు కన్న మంచిదా? మీ తాతను అడుగు."

అడిగాను. గంప తియ్యమన్నాడు.

తొలకరి వానలు పడ్డాక వచ్చిన నెల మొదటి ఆదివారానికి చుట్టుపక్కల పల్లెల సంఘాలన్నీ మా చర్చికి రావాలని ఏర్పాటు. మామూలు కుండ సరిపోదని తాత సంతలో పెద్ద కుండ కొన్నాడు. ఎండుద్రాక్ష కూడా అదే లెక్కన. పోయిన నెల రసం పుల్లగా ఉందని ఎవరో అన్నారట, అందుకని బెల్లం కూడా గట్టిగానే వేశాడు. మామూలుగా శనివారం చేసే పని, ఈసారి ఎక్కువ పని కదా అని సోమవారమే మొదలుపెట్టాడు. వానకు చల్లబడుతుందని కుండను పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాడు.

"ఇంత తొందరేందయ్యా, ఆదివారం దాక మస్తు టైముంది," అంది నాయనమ్మ.

"ముందే చేసి పెడితే పోయేదేముంది?"

గురువారానికి కుండ తనలో తాను ఏదో గొణగడం మొదలుపెట్టింది. తాత చెవి ఆనించి విని, "మంచిగ ఊరుతున్నది," అన్నాడు.

శనివారం రాత్రంతా వాన. వాగు పొంగి పల్లెలవాళ్ళెవరూ రాలేకపోయారు. దోర్నపాల్ నుంచి పాస్టరుగారు మాత్రం మోటారుసైకిలు మీద, తడిసి ముద్దయి వచ్చారు. ఆంధ్ర వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, ఇక్కడి నీళ్ళే ఇంకా పడని మనిషి. ఎప్పటి జనం మేమే ఉన్నాం. కుండ మాత్రం ఊళ్ళన్నిటికీ సరిపడా ఉంది.

రొట్టె అయింది. గ్లాసుల పళ్ళెం తిరిగింది. పాస్టరుగారు తాగి, కళ్ళు మూసి, తెరిచి, గ్లాసులోకి చూశారు. బస్తరు ద్రాక్ష ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నట్టున్నారు. నా ముందు వరసలో ఎప్పుడూ మోకాళ్ళ నొప్పులని మూలిగే ముసలమ్మ ఒకామె గ్లాసు తిరగేసి చివరి చుక్క దాకా రాబట్టుకుని, "అయ్యా, నాకు రొట్టె ముట్టింది గానీ రసం సరిగ ముట్టలే," అని రెండో గ్లాసుకు చెయ్యి చాపింది. నా గొంతులో ఒక వెచ్చటి గీత గీసుకుంటూ దిగింది. ఇదేమిటా అనుకునేంతలో వెనక బెంచి టకటకా ఊగడం వినిపించింది. తిరిగి చూశాను. చిన్నాన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. పళ్ళెం ఆయన ముందు నుంచి వెళ్ళింది కదా, ముక్కుకు ఏ కట్టడీ లేదు. ఆ చర్చి మొత్తంలో ఆ వాసన ఏమిటో తెలిసినవాడు ఆయనొక్కడే, ఆయనకేమో బల్ల దగ్గర నోరు లేదు.

ఆరాధన అయింది. వాగు ఇంకా పెరగకముందే అని పాస్టరుగారు బండెక్కారు. కుండలో సగానికి పైన రసం మిగిలింది. ఇక్కడ తాత ఇంకో కట్టడి అడ్డం పడింది. ప్రార్థన చేసి వేరుపరచిన రసాన్ని నేల మీద పారబోయకూడదు. ఎప్పుడూ మిగిలేది రెండు గుక్కలే కాబట్టి ఆయనే భక్తిగా తాగేసేవాడు. ఇప్పుడు కుండ ముందు కూర్చుని, పెద్ద గ్లాసు తీసుకుని, పని మొదలుపెట్టాడు. బల్ల తీసుకునేదాకా ఏమీ తినని మనిషి, కడుపు ఖాళీ.

చిన్నాన్న తలుపు దాకా వచ్చి ఆగాడు. "నాయనా, అది తాగకు."

"బల్ల కాడికి రాకు. గడప దాటకు."

"దాటను. జర వాసన చూడు నాయనా."

"పరిశుద్ధమైనదాన్ని వాసన చూస్తారా? ఎడ్లకు గడ్డి వేసినవా?"

"వేసిన. నాయనా, అది పులిసింది..."

"అందుకే బెల్లం ఎక్కువ వేసిన," అని తాత ఇంకో గ్లాసు ముంచాడు.

చిన్నాన్న నా వైపు చూశాడు. వకీలును కదా, నేనైనా అడ్డుపడాలి. నేనప్పటికే గోడ పట్టుకుని నవ్వుతున్నాను. ఒక్క గ్లాసు ముట్టిన నేనే అలా ఉంటే ఆయన సంగతి చెప్పేదేముంది!

తాత బయటికి వచ్చేసరికి ఎండ కాసింది. వాకిట్లో నిలబడి ఎండకు వందనాలు చెప్పాడు. కంచెకు వందనాలు చెప్పాడు, ఒక్కొక్క కర్రకు వేరువేరుగా. గట్టు తగాదాతో ఏళ్ళుగా మాటల్లేని పొరుగాయన ఎదురొస్తే కావలించుకుని, "గట్టు నీదే తీస్కో, నాకు రెండు గట్లున్నయ్," అన్నాడు. పొరుగాయన భయపడి నాయనమ్మ కోసం కేకవేశాడు. నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. తాత ఆమెను చూసి దగ్గలేదు. పెళ్ళైనప్పటి నుంచి ఎన్నడూ నోటితో పలకని ఆమె పేరు పెట్టి పిలిచి, ఊరందరి ముందూ, "నువ్వు ఎంత మంచిగున్నవే!" అన్నాడు.

"ఏందయ్యా ఇది! పిల్లలున్నరు, ఊరంత చూస్తున్నది," అని నాయనమ్మ కొంగు మొహానికి కప్పుకుంది. కొంగు వెనక నవ్వుతోందని నా వాదన. ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు.

బురద గట్ల మీద తాత నడవలేకపోతే చిన్నాన్న వీపు మీద ఎక్కించుకున్నాడు. మూడు నెలలుగా ఎడ్ల గురించి తప్ప మాట్లాడని తండ్రి, కొడుకు మెడ చుట్టూ చేతులు వేశాడు.

"ఒరేయ్, ఆ పెళ్ళిల డోలు ఎట్ల కొట్టినవ్రా?"

"తర్వాత చెప్త నాయనా, జారుతవ్, గట్టిగ పట్టుకో."

"ఇట్లనా?" అని తాత కొడుకు తల మీద దరువు మొదలుపెట్టాడు. "ఇట్లనా, ఇట్లనా?"

"కాదు నాయనా, ఎడమచెయ్యి తర్వాత పడాలె."

తాత ఎడమచెయ్యి తర్వాత వేశాడు. చిన్నాన్న ఆ దరువుకు అడుగు వేస్తూ నడిచాడు. వెనకాల నేను, నాయనమ్మ, పొరుగాయన. మా ఊళ్ళో ఏ పెళ్ళి ఊరేగింపూ అంత బాగా జరగలేదు.

తెల్లవారి తాత తల పట్టుకుని లేచాడు. నాయనమ్మ పొయ్యి ఊదుతోంది, చిన్నాన్న ఎడ్ల దగ్గర అవసరం లేని పని చేస్తున్నాడు. చెప్పాల్సింది నేనే అని తేలింది.

"తాతా, నిన్న నువ్వు తాగినవ్. ద్రాక్షరసం పులిసి మత్తయింది. నువ్వు ముందే చేసి పెట్టినవ్ గదా."

ఆయన పార తెచ్చుకున్నాడు. దాని మీద బురద లేదు. అయినా గీకాడు. చాలాసేపు గీకాడు.

"ఎవరెవరు తాగిండ్రు?"

"సంఘమంత. చిన్నాన్న ఒక్కడే తాగలే."

తాత పార పక్కన పెట్టాడు. ఆ వారమంతా ఎవరికీ గంప తియ్యమని చెప్పలేదు. నాయనమ్మకు అదే పెద్ద భయమైంది.

తర్వాతి ఆదివారం వాక్యం అయ్యాక తాత లేచి నిలబడ్డాడు.

"మీ అందరికి తాగబోసింది నేనే. తెలువక చేసిన, అది దేవునికి తెలుసు."

పాస్టరుగారు, "తెలియక చేసింది తప్పు కాదండీ, కూర్చోండి," అన్నారు.

"ఆగున్రి అయ్యగారు, ఇంక అయిపోలే." బానెట్ మీద చెయ్యి పెట్టినప్పటిలాగే ఒక కన్ను మూసి ఉంది. "తాగుడు తెలువక తాగిన. కానీ తాగినంక నాకు మంచిగ అనిపించింది. మస్తు మంచిగ అనిపించింది. బాధయిందని చెప్తే అబద్ధమయితది. నా కొడుకు కూడ గిదే మాట అన్నడు. నేను వాని మాట ఇనలే. కట్టడి పెట్టింది నేను, నాకు కూడ అదే కట్టడి."

అని వెళ్ళి తలుపు దగ్గరి బెంచి మీద కూర్చున్నాడు. చిన్నాన్న జరిగి చోటిచ్చాడు. ఇద్దరి బరువుకు పొట్టి కాలు నేలకు ఆనుకుని, ఆ బెంచి మొదటిసారి ఊగకుండా నిలబడింది.

ఆ మధ్యాహ్నం తాత కంచం తీసుకుని తానే అరుగు మీదికి వెళ్ళాడు. బల్లకు దూరమైనవాళ్ళు ఇద్దరూ కలిసి తినకూడదని ఏ కట్టడిలోనూ లేదని, నేను లేవదీయబోయిన వాదనను ఆయనే ముందు లేవదీశాడు. చిన్నాన్న ఆయన కంచంలో ఇంత పప్పు ఎక్కువ వేశాడు. నాయనమ్మ గిన్నె పట్టుకుని గడపలో నిలబడిపోయింది.

"కాళ్ళు నొస్తలేవా?" అన్నాను.

"మూస్కో," అంది, మొహం తిప్పుకుని.

కోతలయ్యాక ఇద్దరూ సంఘం ముందు లేచి నిలబడ్డారు. ముసలాయన ఒక్కడే నిలబడితే బాగుండదని తాను కూడా నిలబడ్డానంటాడు చిన్నాన్న. సంతోషించిన మాట నిజమనే చెప్పారు, ఇకముందు సారా ముట్టబోమన్నారు. సంఘం ఇద్దరినీ బల్లకు తీసుకుంది. అప్పుడే తాత ఇంకో మాట కూడా అన్నాడు. ఇకనుంచి ద్రాక్షరసం చూసేది చిన్నోడు. ఎందుకని పాస్టరుగారు అడిగితే, "మనలో వాసన తెలిసినోడు వాడొక్కడే," అన్నాడు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పని చిన్నాన్నదే. శనివారం సాయంత్రం దాకా కుండ ముట్టడు. కాచాక, పొయ్యి మీద నుంచి దించాక, ఆదివారం పొద్దున, మూడుసార్లూ గుడ్డ తీసి ముక్కు పెడతాడు.

తాత చివరి నెలల్లో మంచం మీద ఉన్నప్పుడు బల్లను ఇంటికి తెచ్చేవాళ్ళు. ఆఖరిసారి నేను అక్కడే ఉన్నాను. నాయనమ్మ ఆయన తల ఎత్తి పట్టుకుంది. చిన్నాన్న గ్లాసు పెదవి దగ్గర పెట్టాడు. తాత తాగలేదు, ఒక కన్ను తెరిచాడు.

"చూసినవా?"

"చూసిన నాయనా. మంచిగున్నది. ఏం కాలే."

"ఏం కాలేదా?"

"ఏం కాలే."

తాత తాగాడు. ఆయన మొహం మీద ఒక్క క్షణం కనిపించింది నిరాశే అని నేనంటాను. కాదు, నీరసమని చిన్నాన్న అంటాడు. నేను కళ్ళారా చూశాను. ఈ వాదన మా ఇద్దరి మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.